పాతకాలపు పళ్లాలు, కప్పులు ఎంచుకోవడం ఎలా: చేతితో మొదలుపెట్టండి, మార్కు చివర చూడండి

పాత పింగాణీ పళ్లెం చేతికి రాగానే దాదాపు అందరూ దాన్ని బోర్లించి వెనక ఏ కంపెనీ మార్కు ఉందో చూస్తారు. పేరున్న మార్కు కనబడితే చాలు, మనసు కొనడానికి సిద్ధమైపోతుంది, ఇక అంచు మీద పెచ్చు ఊడి ఉన్నా, లోపల సన్నటి బీట ఉన్నా కంటికి ఆనదు. అందుకే నేను ఎవరు అడిగినా ఒకటే చెబుతాను: మార్కు చూడటం చివరి పని. ముందు పళ్లేన్ని చేత్తో, చెవితో, వెలుతురులో చూడాలి, దాంట్లో తినొచ్చో లేదో తేల్చుకోవాలి, ఆ తర్వాతే వయసు, పేరు.

సాధారణంగా వందేళ్లు దాటిన వస్తువును యాంటిక్ అంటారు, అంతకన్నా చిన్నదాన్ని వింటేజ్ అంటారు. అమ్మేవాళ్లు ఈ రెండు మాటల్నీ ధారాళంగా వాడేస్తారు కాబట్టి ఆ మాటను బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

1. దేనికి వాడతారో ముందు కాగితం మీద రాసుకోండి

రోజూ వాడటానికా, అతిథులు వచ్చినప్పుడు తీయడానికా, అల్మారాలో పెట్టి చూసుకోవడానికా? ఈ మూడింటికీ కొనే వస్తువులు వేరు. రోజూ వాడేదైతే బంగారు అంచు ఉన్నది వద్దు, ఎందుకంటే డిష్‌వాషర్‌లో ఆ అంచు వెలిసిపోతుంది, మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు వస్తాయి. అతిథుల కోసమైతే చేత్తో కడిగే ఓపిక ఉంటే ఏదైనా తీసుకోవచ్చు. చూసుకోవడానికే అయితే చిన్న బీటను కూడా క్షమించవచ్చు.

ఎంతమందికి కావాలో కూడా రాయండి. ఆరుగురికి కావాలంటే ఎనిమిది తీసుకోండి. తయారీ ఎప్పుడో ఆగిపోయిన డిజైన్‌లో ఒకటి పగిలితే దాని జోడీ మళ్లీ దొరకడానికి ఏళ్లు పట్టవచ్చు.

2. టేపు తీసి కొలవండి

ఈ పని చేయకుండా కొన్నవాళ్లు తర్వాత బాధపడటం చాలాసార్లు చూశాను.

- టేబుల్ దగ్గర ఒక్కొక్కరికి కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు చోటు ఉండాలి.
- ఇప్పటి పెద్ద పళ్లాలు 27, 28 సెంటీమీటర్లు ఉంటాయి. పాత సెట్లలో అదే పళ్లెం చాలాసార్లు 23 నుంచి 25 సెంటీమీటర్లే. ఫొటోలో తేడా తెలియదు, వడ్డించినప్పుడు తెలుస్తుంది.
- అల్మారా అరల లోతు, ఎత్తు. మూత ఉన్న పెద్ద గిన్నెలకు ఎత్తు దగ్గరే చిక్కు వస్తుంది.
- కప్పు పిడిలో మీ వేలు పడుతుందా? పాత కప్పుల పిడులు కొన్ని మరీ చిన్నవి, రెండు వేళ్ల కొసలతో పట్టుకోవాలి. వేడి టీతో అలా పట్టుకోవడం అందరి వల్లా కాదు.

3. ఏ పదార్థమో గుర్తుపట్టండి

పేర్లన్నీ కంఠతా పట్టాల్సిన పని లేదు. మూడు రకాలు తెలిస్తే చాలా వరకు నెట్టుకు రావచ్చు.

గట్టి పింగాణీ కాస్త నీలి ఛాయ ఉన్న తెలుపులో, చల్లగా, నునుపుగా ఉంటుంది. బోన్ చైనాలో ఎముకల బూడిద కలుస్తుంది, కాబట్టి వెచ్చని పాల రంగు వస్తుంది, పలచగా ఉన్నా బలంగా ఉంటుంది. ఈ రెండింటినీ దీపానికి అడ్డం పెట్టి వెనక వేళ్లు ఆనిస్తే వేళ్ల నీడ కనిపిస్తుంది. మూడోది మట్టి పింగాణీ: మందంగా ఉంటుంది, వెలుతురు దూరనివ్వదు, పై పూత కింద ఉన్న ఒళ్లు నీళ్లు పీలుస్తుంది. ఈ చివరి ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

4. చేత్తో, చెవితో, వెలుతురుతో పరీక్షించండి

తొందరపడకూడని చోటు ఇది. ఒక్కో వస్తువుకు రెండు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. అమ్మేవాళ్లు పక్కన నిలబడి చూస్తున్నారని టెన్షన్ పడొద్దు, సరుకు తెలిసిన అమ్మకందారు మీరు పరీక్షిస్తుంటే ఏమీ అనుకోరు.

ముందు కళ్లు మూసుకుని చూపుడు వేలి కొసతో అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. నిజంగానే కళ్లు మూసుకోండి. ఈగ కాలంత పెచ్చు కూడా కంటికంటే ముందు వేలికి తగులుతుంది. తర్వాత అడుగున టేబుల్‌కు ఆనే అంచు మీద కూడా అలాగే తిప్పండి. అది గరుకుగా ఉంటే ఇంకో పళ్లెం మీద పేర్చినప్పుడు గీతలు పెడుతుంది.

రెండోది చప్పుడు. పళ్లేన్ని మూడు వేళ్ల కొసల మీద నిలబెట్టి అంచును గోటితో మీటండి. పింగాణీ, బోన్ చైనా బాగున్నవైతే గంటలాగా ఖంగుమని ఒక్క క్షణం మోగుతాయి. బీట ఉంటే బొంగురుగా, మధ్యలోనే ఆగిపోయినట్టు వినబడుతుంది. మట్టి పింగాణీ బాగున్నా అంతగా మోగదు, కాబట్టి దాన్ని పక్కనున్న అదే రకం పళ్లెంతో పోల్చి వినండి. ఒకే సెట్‌లో అయిదు ఒకలా మోగి ఆరోది వేరేలా మోగిందంటే ఆరోదాన్ని మళ్లీ చూడాలి.

మూడోది వెలుతురు. టార్చిని పక్క నుంచి, పళ్లెం మీదుగా వాలుగా వేయండి. చెంచాల, కత్తుల గీతలు, పూత అరిగిన చోట్లు, రంగు ఊడిన చోట్లు ఒక్కసారిగా బయటపడతాయి. పైనుంచి నిటారుగా చూస్తే ఇవేవీ కనబడవు. తర్వాత దీపానికి అడ్డం పెట్టి చూడండి, వెంట్రుక లాంటి బీట నల్లటి గీతలా కనిపిస్తుంది.

వీలుంటే చిన్న అతినీలలోహిత టార్చి ఒకటి జేబులో పెట్టుకోండి. అతికించిన జిగురు, పైన దిద్దిన కొత్త రంగు చాలాసార్లు ఆ వెలుగులో చుట్టుపక్కల పింగాణీకి భిన్నంగా మెరుస్తాయి. మామూలు వెలుతురులో మచ్చలేని చక్కెర గిన్నె ఒకటి ఈ టార్చి కింద పెడితే మూత బొడిపె చుట్టూ ఉంగరం లాంటి తెల్లటి గీత కనబడింది. బొడిపె ఎప్పుడో విరిగితే అతికించి, పైన తెలుపు దిద్దారు. పని ఎంత నేర్పుగా చేశారంటే వేలికి కూడా తగల్లేదు.

ఇక పూతలో సాలెగూడులాంటి సన్నని చీలికలు. పై పూత, లోపలి ఒళ్లు ఒకే తీరున వ్యాకోచించక, సంకోచించక అవి ఏర్పడతాయి. కొంతమంది వీటిని వయసుకు గుర్తని ఇష్టపడతారు. చూడటానికి బాగుంటాయి నిజమే కానీ, మట్టి పింగాణీ ఒళ్లు నీళ్లు పీలుస్తుందని చెప్పాను కదా, ఆ చీలికల్లోంచి నూనె, టీ, సబ్బునీళ్లు లోపలికి ఇంకుతాయి. గోధుమ రంగు మరకలు ఉంటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే అది భోజనానికి పనికిరాదు, గోడకు తగిలించుకోండి.

చేతిలో పెట్టుకోవాల్సిన చిట్టీ:

- అంచు, అడుగు అంచు, పిడి మొదలు, మూత బొడిపె: వేలితో
- మీటి చప్పుడు
- వాలు వెలుతురు, తర్వాత ఎదురు వెలుతురు
- బల్ల మీద పెట్టి కొద్దిగా తిప్పడం, ఊగుతుందో లేదో
- మూత సరిగ్గా కూర్చుంటుందా, కూజా ముక్కు విరగలేదా
- వాసన

5. అందులో తినొచ్చా లేదా తేల్చుకోండి

పాత పూతల్లో, రంగుల్లో సీసం వాడటం మామూలే. అమెరికాలో పింగాణీ నుంచి ఆహారంలోకి దిగే సీసానికి పరిమితులు పెట్టడం 1970ల మొదట్లో మొదలైంది. అంతకుముందు తయారైన ప్రతిదీ విషం అని దీని అర్థం కాదు, కానీ చూసి చెప్పగలిగే విషయం కూడా కాదు. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ విషయంలో మొహమాటం అసలు పనికిరాదు.

ఎక్కువ అనుమానించాల్సినవి ఇవి: లోపలి వైపు, అంటే ఆహారం తగిలే చోట, పూత మీద చేత్తో వేసిన రంగులు ఉన్నవి. అలాంటి రంగు వేలికి కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. లోపల ఎరుపు, నారింజ, పసుపు గాఢంగా ఉన్నవి. పూత పొడిపొడిగా రాలుతున్నవి. అమెరికాలో ఫియెస్టా పేరుతో 1936లో మొదలైన ఎర్ర పళ్లాల పూతలో ఏకంగా యురేనియం వాడేవారు. అతినీలలోహిత టార్చి కింద ఆకుపచ్చగా వెలిగే యురేనియం గాజు కూడా ఉంది. ఈ రెండూ అల్మారాలో ఉంటేనే నాకు మనశ్శాంతి.

ఇంట్లో రుద్ది చూసే సీసం పరీక్ష పుల్లలు దొరుకుతాయి. రంగు మారితే హెచ్చరికే, మారకపోతే మాత్రం అభయం ఇచ్చినట్టు కాదు, పూత కింద ఉన్నదాన్ని అవి పట్టుకోలేకపోవచ్చు. అసలు పరీక్ష ప్రయోగశాలలో జరుగుతుంది: పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి, దాదాపు 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం, కాడ్మియం అనే మరో విష లోహం దిగిందో కొలుస్తారు. ఎక్కువ రోజులు వాడాలనుకున్న సెట్ అయితే ఒక్క ముక్కకైనా ఇది చేయించడం మంచిది.

పరీక్ష చేయించలేదా? అయితే ఇలా వాడండి: పులుపు, వేడి, గంటల తరబడి నిల్వ, ఈ మూడూ వద్దు. అంటే నిమ్మ, వెనిగర్ ఉన్నవి పెట్టకండి, మిగిలినవి అందులోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టకండి. లేదా పాత పెద్ద పళ్లేన్ని కింద అలంకారంగా పెట్టి, దాని మీద మామూలు గాజు పళ్లెంలో వడ్డించండి. డిజైన్ కనబడుతుంది, భయమూ ఉండదు.

రాగి, ఇత్తడి వడ్డన గిన్నెలకు లోపల కళాయి చెక్కుచెదరకుండా ఉండాలి. పచ్చటి చిలుము పట్టినా, ఎర్రటి రాగి బయటపడినా కళాయి వేయించిన తర్వాతే వాడాలి.

6. చెంచాలు, కత్తులు, గాజు

వెండి చెంచాను వెల్లకిలా బల్ల మీద పెట్టండి. దాని వీపు బల్లకు ఆనే చోట, నోటి దగ్గర కొస, ఈ రెండు చోట్లా పసుపు లేదా ఎర్రటి ఛాయ కనబడితే అది వెండి పూతే, పూత అరిగిపోయింది. ఇంగ్లండ్ స్టెర్లింగ్ వెండి అయితే నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది, వెయ్యికి 925 పాళ్లు వెండి అని అర్థం. ఈపీఎన్ఎస్ అని ఉంటే వెండి పూత మాత్రమే. పూతది కొనడంలో తప్పేమీ లేదు, పూత నిండుగా ఉంటే చాలు.

కత్తుల విషయంలో ఒక సూచన. స్టెయిన్‌లెస్ స్టీల్ 1913 తర్వాత వచ్చింది, అంతకుముందు కత్తుల అలుగులు తుప్పు పట్టే ఉక్కువి. ఎముక పిడి ఉన్న కత్తుల్ని నీళ్లలో నానబెట్టకండి, లోపలి జిగురు కరిగి పిడి ఊడిపోతుంది. దంతం పిడి అని చెబితే, దంతం అమ్మకాల మీద అనేక దేశాల్లో ఆంక్షలు ఉన్నాయి కాబట్టి, ముందు చట్టం తెలుసుకోండి.

గాజు కూజాల దగ్గర నేను ఒకసారి మోసపోయాను. లోపల అద్దంలా మెరుస్తున్న కూజా కొని ఇంటికి తెచ్చి సబ్బుతో కడిగితే, ఆరాక లోపలంతా పొగ పట్టినట్టు మసకబారింది. మసక కనబడకుండా లోపల పలచగా నూనె రాశారు. అప్పటినుంచి కూజా లోపలికి వేలు పెట్టి చూడకుండా కొనను. మసక ఉంటే ఇంట్లో నీళ్లు కలిపిన వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచండి. సున్నపు పొర అయితే పోతుంది. పోకపోతే గాజు పైపొరే దెబ్బతిన్నట్టు, దానికి ఇంట్లో చేసే వైద్యం లేదు. సీసపు క్రిస్టల్ గ్లాసులో పోసుకుని అప్పటికప్పుడు తాగేయొచ్చు కానీ, క్రిస్టల్ కూజాలో పానీయం రోజుల తరబడి నిల్వ చేయకండి.

7. ఇప్పుడు బోర్లించండి

మార్కు ఒక్కటే వయసు చెప్పదు, కానీ ఫలానా సంవత్సరం కంటే పాతది కాదు అని చెప్పగలదు. అది కూడా ఉపయోగమే.

- 1891 నుంచి అమెరికాకు వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలనే చట్టం అమల్లోకి వచ్చింది. కాబట్టి ‘ఇంగ్లండ్’ అని మాత్రమే ఉంటే సాధారణంగా ఆ తర్వాతిది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే ఎక్కువగా 20వ శతాబ్దం.
- ‘నిప్పాన్’ అని ఉంటే సాధారణంగా 1891 నుంచి 1921 మధ్యది, ఆ తర్వాత ‘జపాన్’ అని వేశారు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అయితే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1952 లోపు.
- వజ్రం ఆకారపు బ్రిటిష్ రిజిస్ట్రేషన్ గుర్తు 1842 నుంచి 1883 వరకు వాడారు. 1884 నుంచి ‘ఆర్‌డీ నంబర్’ వచ్చింది. ఇవి డిజైన్ నమోదైన తేదీ చెబుతాయి, మీ చేతిలోని పళ్లెం చేసిన తేదీ కాదు. ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు.
- ‘డిష్‌వాషర్ సేఫ్’ అని ఉంటే యాంటిక్ అనే మాట అక్కడితో ఆపేయండి.

దేశం పేరు లేదంటే తప్పకుండా 1891కి ముందుదే అనుకోకండి, సొంత దేశంలో అమ్మిన సరుకు మీద వేయనవసరం లేదు. జర్మనీలోని మైసెన్ పింగాణీ కంపెనీ వేసే అడ్డకత్తుల గుర్తు లాంటి పేరున్న మార్కులకు నకళ్లు లెక్కలేనన్ని. మార్కు కంటే అడుగు అంచు అరుగుదలను నమ్మండి: నిజంగా వాడిన పళ్లెం అడుగు అక్కడక్కడ ఎగుడుదిగుడుగా అరుగుతుంది, గరుకు కాగితంతో రుద్దింది చుట్టూ ఒకేలా ఉంటుంది.

8. విడివిడి ముక్కలతో సెట్ కూర్చండి

పూర్తి సెట్ దొరికేదాకా ఆగొద్దని నా సలహా. విడివిడిగా కొన్న ముక్కలు కలవాలంటే వాటిని కట్టిపడేసే ఒక్క లక్షణం ముందే నిర్ణయించుకోండి: అంచు రంగు, లేదా పువ్వుల రంగు, లేదా ఆకారం. ఒకటి చాలు. మూడూ కలవాలని చూస్తే ఏదీ దొరకదు, ఏదీ అనుకోకపోతే టేబుల్ సంతలా ఉంటుంది.

అందరూ మరిచిపోయేది తెలుపు. ఒక పళ్లెం నీలి తెలుపు, ఇంకోటి మీగడ తెలుపు అయితే డిజైన్లు ఎంత కలిసినా రెండోది మాసినట్టు కనిపిస్తుంది. పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. దుకాణం దీపాలను నమ్మకండి. కొత్త ముక్క కొనడానికి వెళ్లేటప్పుడు మీ సాసర్ ఒకటి వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే తేలిక.

9. ఆన్‌లైన్‌లో కొంటున్నారా

ఫొటోలో చప్పుడు వినబడదు, వేలు తిప్పలేరు. కాబట్టి ఇవి రాసి అడగండి:

- అంచు చుట్టూ, అడుగు, పిడి మొదలు దగ్గరగా తీసిన ఫొటోలు
- సెంటీమీటర్లలో కొలతలు
- మీటితే మోగుతుందా? ఒక చిన్న వీడియో పంపగలరా?
- ఎక్కడైనా అతికించారా, రంగు దిద్దారా? అవును, కాదు అని రాతపూర్వకంగా
- పగిలి వస్తే, చెప్పినట్టు లేకపోతే వాపసు తీసుకుంటారా
- పళ్లాలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, పెట్టెలో పెట్టెగా సర్దుతారా

‘వయసుకు తగ్గట్టు బాగుంది’ అనే మాట కనబడితే, బాగాలేనిది ఏమిటో సూటిగా అడగండి.

10. ఇంటికి వచ్చాక

సింకులో కాకుండా ప్లాస్టిక్ తొట్టిలో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, ఒక్కో ముక్క విడిగా. మరుగుతున్న నీళ్లు వద్దు. ఒకసారి వేడి నీళ్లలో వేసిన కప్పు పిడి నా చేతిలోకి ఊడి వచ్చింది, పాత అతుకు కరిగిపోయింది. కడిగి తుడిచాక మళ్లీ వెలుతురులో చూడండి, తడి పీల్చిన బీట ముదురు గీతలా తేలుతుంది. వాపసు గడువు ఉండగానే ఈ పని చేయండి.

టీ మరకకు వంటసోడా ముద్ద రాసి వేలితో మెల్లగా రుద్దితే పోతుంది, బంగారు గీత మీద మాత్రం రుద్దకండి. పేర్చేటప్పుడు ప్రతి రెండు పళ్లాల మధ్య మెత్తటి గుడ్డ లేదా ఫెల్ట్ పెట్టండి, ఒక దొంతరలో ఎనిమిదికి మించొద్దు. కప్పుల్ని పిడితో వేలాడదీయకండి, ఒకదానిలో ఒకటి పెట్టకండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దారి

*బ్లీచ్‌లో నానబెట్టడం.* పూత చీలికల్లోంచి లోపలికి దిగి, తర్వాత ఉప్పులా పేరుకుని పూతను పైకి లేపుతుంది. ఇప్పటికే వేసి ఉంటే వెంటనే తీసి, మంచినీళ్లు మారుస్తూ కొన్ని రోజులు నాననివ్వండి.

*చల్లటి పళ్లెంలో సలసల కాగేది పోయడం.* ముందు గోరువెచ్చని నీళ్లతో పళ్లేన్ని వెచ్చబెట్టి, తుడిచి వాడండి.

*వెండి చెంచాలకు రబ్బరు బ్యాండు వేయడం.* రబ్బరులోని గంధకం నల్లటి గీతలు పెడుతుంది. నూలు గుడ్డలో చుట్టండి. గుడ్డు, ఉప్పు తగిలిన చెంచాల్ని భోజనం కాగానే కడిగేయండి, రాత్రంతా వదిలేయొద్దు.

*విరిగినదాన్ని ఇంటి జిగురుతో అతికించి మళ్లీ భోజనానికి పెట్టడం.* అతికించండి, దాచుకోండి, అందులో తినకండి. పువ్వులు పెట్టాలంటే లోపల చిన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో పెట్టండి.

*ఒకేసారి మొత్తం కొనేయడం.* ముందు రెండు పళ్లాలు, రెండు కప్పులు తెచ్చి నెల రోజులు వాడండి. కడగడం విసుగ్గా ఉందా, పిడి వేలికి సరిపోతోందా, అల్మారాలో పడుతున్నాయా, ఇవన్నీ ఆ నెలలో తేలిపోతాయి. సరిపోయాయంటే అప్పుడు మిగతా ఆరింటి కోసం వెతకండి, ఆ సాసర్ ఒకటి సంచిలో వేసుకుని.